తెల్లవారుజాము జెట్టీ మీదకు ఏ కెమెరా?

పండగల సీజన్ వచ్చిందంటే నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు కెమెరాల గురించే. అడిగేది కూడా దాదాపు ఒకటే ప్రశ్న. చేతిలో అరవై డెబ్బై వేలు ఉన్నాయి, జేబులో పట్టే మంచి కాంపాక్ట్ కొనమంటారా, లెన్స్ మార్చుకునే వీలున్న మిర్రర్‌లెస్ కొనమంటారా అని. దుకాణంలో అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘సెన్సర్ పెద్దది సార్, మిర్రర్‌లెస్ తీసుకోండి’. ఆ మాటలో అబద్ధం లేదు, కానీ అందులో సగం విషయమే ఉంది. మిగతా సగం ఎవరూ చెప్పకపోవడం వల్ల మన ఊళ్లో ఎన్నో మంచి కెమెరాలు బీరువాల్లో మూలుగుతున్నాయి. అందుకే ఈ వారం కాలమ్ మొత్తం దీనికే.

ముందుగా ఒకటి పక్కన పెట్టేద్దాం. పది పదిహేను వేలకు దొరికే బుల్లి కాంపాక్టుల గురించి నేను మాట్లాడటం లేదు. వాటి సెన్సర్ వెడల్పు ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు, అంతే. మీ చేతిలో ఉన్న మంచి ఫోను ఆ పని అంతకంటే బాగా చేస్తుంది. ఫోన్ల దెబ్బకే ఆ మార్కెట్ కుప్పకూలింది. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల్లో 2010లో ఏడాదికి పది కోట్లకు పైగా ఉన్న కాంపాక్టుల సంఖ్య 2023 నాటికి ఇరవై లక్షల లోపుకు పడిపోయింది. మిగిలినవాటిలో కొనదగ్గవి ఒక అంగుళం రకం సెన్సర్ ఉన్నవి. 2012లో సోనీ ఆర్‌ఎక్స్100తో మొదలైన కోవ ఇది. కానన్ జీ7ఎక్స్ మార్క్ త్రీ కూడా ఈ కోవలోదే. రికో జీఆర్ త్రీ అయితే మిర్రర్‌లెస్‌లో ఉండేంత పెద్ద సెన్సర్‌ను జేబులోకి తెచ్చింది, కాకపోతే దానికి జూమ్ లేదు. అవతలి వైపు కానన్ ఆర్50, నికాన్ జెడ్30 లాంటివి ఉన్నాయి. మొదటిసారి కొనేవాళ్లు సాధారణంగా వీటి మధ్యే ఊగిసలాడుతుంటారు.

ఏది కొనాలన్నది మనం ఎక్కడ, ఏ వెలుతురులో ఫొటోలు తీస్తామన్నదాన్ని బట్టి ఉంటుంది. విశాఖలో ఫొటోలు తీసేవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు ఫిషింగ్ హార్బర్‌కు చేరతారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మనం హైదరాబాద్ కంటే బాగా తూర్పున ఉన్నాం. సూర్యుడు మనకు దాదాపు ఇరవై నిమిషాలు ముందే ఉదయిస్తాడు, మే నెలాఖరులో ఐదున్నరకల్లా పైకొచ్చేస్తాడు. వేట ఉన్న రోజుల్లో జెట్టీ మీద సందడి మాత్రం పొద్దు పొడవకముందే మొదలవుతుంది. మరబోట్ల నుంచి సరుకు దిగుతుంది, తడి నేల మీద వంజరాలు, సొరలు, రొయ్యలు కుప్పలు పోస్తారు, వేలం పాట అందుకుంటారు. తట్టలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లు మన పక్కనుంచి దూసుకుపోతుంటారు. వెలుతురు మాత్రం పైన ఉన్న లైట్లదే. ఎవరూ ఒక్క క్షణం నిలబడరు. మనుషులు చెదరకుండా పడాలంటే షటర్ సెకనులో నూట ఇరవై ఐదో వంతు అయినా ఉండాలి. కెమెరాలో ఉండే స్టెబిలైజేషన్ మన చేతి వణుకును ఆపుతుంది గానీ ఎదుటి మనిషి నడకను ఆపలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. జెట్టీ మీద ఓ మూల, జీ7ఎక్స్ లాంటి కాంపాక్ట్ లెన్స్‌ను బాగా జూమ్ చేసినా ఎఫ్ 2.8 దగ్గర ఉంటుంది. ఆ షటర్‌కు ఐఎస్‌ఓ 2000 సరిపోయిందనుకుందాం. అదే చోట ఆర్50తో వచ్చే 18-45 కిట్ లెన్స్‌ను చివరిదాకా జూమ్ చేస్తే ఎఫ్ 6.3 అవుతుంది. లోపలికి వచ్చే వెలుతురు ఐదో వంతుకు తగ్గిపోతుంది. కాబట్టి ఐఎస్‌ఓ 10000కు వెళ్లాలి. మిర్రర్‌లెస్ సెన్సర్ విస్తీర్ణం కాంపాక్ట్ సెన్సర్‌కు దాదాపు మూడింతలు. అంటే అది మూడు రెట్లు ఆదా చేస్తుంది, లెన్స్ ఐదు రెట్లు ఖర్చు పెట్టిస్తుంది. మొత్తం మీద అరవై వేలు పోసి కొన్న పెద్ద సెన్సర్, జేబులో పట్టే కెమెరా కంటే మసకగా, గరుకుగా ఫొటో ఇస్తుంది. పైగా జీ7ఎక్స్‌లో 24 నుంచి 100 దాకా జూమ్ ఉంటే, ఈ కిట్ లెన్స్ పాత ఫిల్ము లెక్కలో 29 నుంచి 72 దగ్గరే ఆగిపోతుంది. నికాన్ కిట్ లెన్స్ వెడల్పు చివర ఎఫ్ 3.5 కాబట్టి అక్కడ కాస్త నయం, కాంపాక్ట్‌తో ఇంచుమించు సమానంగా నిలబడుతుంది. జూమ్ చేస్తే దానిదీ అదే దారి.

మరి అదే మిర్రర్‌లెస్‌కు కిట్ లెన్స్ తీసేసి ఎఫ్ 1.8 ప్రైమ్, అంటే జూమ్ లేని లెన్స్, తగిలించండి. కానన్‌లో 50 ఎం.ఎం. ఉంది, బరువు 160 గ్రాములు. నికాన్‌లో 24 ఎం.ఎం. ఎఫ్ 1.7 ఉంది, 135 గ్రాములు. అదే మూల, అదే షటర్, ఐఎస్‌ఓ ఎనిమిది వందల చుట్టుపక్కల సరిపోతుంది. కిట్ లెన్స్‌తో పోలిస్తే లోపలికి వచ్చే వెలుతురు పన్నెండు రెట్లు. సెన్సర్ మూడింతల లాభం ఇప్పుడు నిజంగా చేతికి అందుతుంది. ఐసు ముక్కల మీద మెరుపు, చేప పొలుసు, పాటగాడి ముఖం మీద చెమట అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. ఒక అంగుళం కాంపాక్ట్ ఏదీ ఈ ఫొటో దరిదాపులకు రాలేదు.

దుకాణంలో చెప్పని సగం ఇదే. మిర్రర్‌లెస్ బాడీ కొంటే పని అయిపోదు, మొదలవుతుంది. రెండో లెన్స్ కొననివాళ్లకు, కొన్నా మార్చని వాళ్లకు అది బరువు తప్ప లాభం లేని వస్తువు. నేను చూసినంతలో మొదటిసారి కెమెరా కొన్నవాళ్లలో చాలామంది కిట్ లెన్స్‌ను అసలు విప్పరు.

మా తమ్ముడి కూతురు ఇంజనీరింగ్ చదువుతోంది. ఈ వేసవిలో ఇదే ప్రశ్నతో వచ్చింది. ‘పెదనాన్నా, నాకు ఫొటోగ్రఫీ సరిగ్గా నేర్చుకోవాలని ఉంది, ఏది కొనను?’ అంది. ఏం ఫొటోలు తీస్తావని అడిగితే పాత ఊరు అంది. కురుపాం మార్కెట్ సందులు, రాస్ హిల్ చర్చి మెట్లు, టౌన్ హాల్ చుట్టుపక్కల ఇళ్లు. ‘తర్వాత్తర్వాత మా సీనియర్లతో పెళ్లిళ్లకు అసిస్టెంటుగా వెళ్తాను’ అని కూడా చెప్పింది. ఇక ఆలోచించాల్సిన పని లేదు, మిర్రర్‌లెస్ కొనమన్నాను. పెళ్లి పందిట్లో ఫ్లాష్ తగిలించాలి, దూరం నుంచి తలంబ్రాలు పట్టాలి, లెన్స్ మార్చాలి. కాంపాక్ట్‌తో ఆ పని కాదు. కాకపోతే కొత్త మోడల్ బాడీ మీద మనసు పెట్టుకోవద్దని, ఒక మెట్టు తగ్గి ఆ మిగిలిన డబ్బుతో ప్రైమ్ కొనమని చెప్పాను. పాతదైనా బిల్లుతో దొరికిన బాడీ, దానికి కొత్త ప్రైమ్. తను అలాగే చేసింది, ఇప్పుడు ఆ ఒక్క లెన్స్‌తోనే తిరుగుతోంది. జూమ్ లేకపోతే కాళ్లతో ముందుకీ వెనక్కీ నడవాలి, ఆ నడకలోనే ఫ్రేమ్ ఎలా కట్టాలో తెలుస్తుంది.

స్టీల్ ప్లాంటులో అన్నపూర్ణ బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరైన మిత్రుడొకరికి కూడా మిర్రర్‌లెస్సే చెప్పాను, కానీ కారణం వేరు. ఆయనకు పక్షుల పిచ్చి. ముడసర్లోవ రిజర్వాయర్ గట్టు, చలికాలంలో కొండకర్ల ఆవ, ఇవే ఆయన లోకం. కొండకర్లలో తాటి దోనెల మీద నీళ్లలోకి తీసుకెళ్తారు. దోనె ఊగుతుంటుంది, తామరాకుల మధ్య నీటికోళ్లు అలికిడికి లేచిపోతుంటాయి. అక్కడ 100 ఎం.ఎం. జూమ్ దేనికీ చాలదు. నికాన్ 50-250 లెన్స్ తగిలిస్తే పాత ఫిల్ము లెక్కలో 375 దాకా వెళ్తుంది, బరువు 405 గ్రాములే. పక్షి కన్ను వెతికి పట్టుకుని వెంట తిరిగే ఫోకస్ ఆర్50లాంటి మొదటి మెట్టు కెమెరాల్లోకి కూడా వచ్చేసింది. ఒకప్పుడు లక్షలు పోస్తే గాని దొరకని సౌకర్యం అది. నేవీ డే విన్యాసాలకు కూడా ఇదే మాట. 2022 డిసెంబర్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము వచ్చినప్పుడు ఆర్కే బీచ్ ఒడ్డున జనం ఎలా కిక్కిరిశారో గుర్తుండే ఉంటుంది. ఆ జనం వెనకాల నుంచుని సముద్రంలో ఓడను, పైన హెలికాప్టర్‌ను పట్టాలంటే పొడవు లెన్స్ ఉండాలి. సాయంత్రం ఎండ మన వెనక నుంచి సముద్రం మీద పడుతుంది కాబట్టి ఓడల రంగు చక్కగా వస్తుంది. పొద్దున్న అయితే సూర్యుడు సముద్రం మీదే ఉంటాడు, ఓడలన్నీ నల్లగా నీడల్లా పడతాయి.

ఇక మామూలు మనుషుల సంగతి. పక్షులూ పెళ్లిళ్లూ అక్కర్లేదు, కుటుంబంతో భీమిలి వెళ్లినప్పుడు, అరకు రైలెక్కినప్పుడు, ఆదివారం పొద్దున్న బీచ్ రోడ్డులో నడిచినప్పుడు మంచి ఫొటోలు కావాలనుకునేవాళ్లు. వాళ్లే ఎక్కువమంది. వాళ్లకు నేను గట్టిగా చెప్పేది కాంపాక్ట్.

దానికి ఒక కారణం పైన చెప్పిన లెక్క. ఇంకో కారణం జేబు. జీ7ఎక్స్ మార్క్ త్రీ 304 గ్రాములు. ఆర్50 బాడీ, కిట్ లెన్స్ కలిపితే అర కిలో. కాగితం మీద పెద్ద తేడా అనిపించదు. కానీ ఒకటి ప్యాంటు జేబులో పడుతుంది, రెండోదానికి బ్యాగు కావాలి. బ్యాగు కావాలన్న రోజున కెమెరా ఇంట్లోనే ఉండిపోతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మన కొండల మీది చెట్లను ఊడ్చేసింది. అంతకు ముందు కైలాసగిరి, బీచ్ రోడ్డు చెట్ల నీడ ఎలా ఉండేవో చూపించే ఫొటోలు నా దగ్గరున్నవి దాదాపు అన్నీ జేబు కెమెరాతో తీసినవే. అవి ఏ ప్రత్యేక సందర్భానివీ కావు, సాయంత్రం షికారుకు వెళ్లి తీసినవి. మామూలు సాయంత్రం బ్యాగు సర్దుకుని కొండ ఎక్కాలని నాకే అనిపించేది కాదు. ఇవాళ ఆ ఫొటోలకు నా దగ్గరున్న ఖరీదైన ఫొటోలన్నిటికంటే విలువ ఎక్కువ.

మనుషుల మధ్య కూడా చిన్న కెమెరాకు చనువు ఎక్కువ. హార్బర్‌లో పెద్ద లెన్స్ పైకెత్తితే ‘పేపరోళ్లొచ్చార్రా’ అని పని ఆపి నుంచుంటారు, లేదా ముఖం తిప్పుకుంటారు. అరచేతిలో ఇమిడే కెమెరా అయితే ‘ఏటి బాబూ, మా సేపలు నీకంత బాగున్నాయా?’ అని నవ్వుతూ పాట కొనసాగిస్తారు. ఏ కెమెరా అయినా ముందు ‘ఒక ఫొటో తీసుకోనా అమ్మా’ అని అడగాలి. అడిగాక మళ్లీ ఎవరి పనిలో వాళ్లు పడిపోవడం చిన్న కెమెరాతో తొందరగా జరుగుతుంది.

కాంపాక్ట్‌కు లోపాలున్నాయి, మన ఊళ్లో అవి ఇంకాస్త ఎక్కువ. మొదటిది ఎండ. మిట్టమధ్యాహ్నం రుషికొండ ఇసుకలో నుంచుంటే వెనక స్క్రీన్ మీద ఏమీ కనిపించదు. కంటికి ఆనించుకునే వ్యూఫైండర్ ఉంటే హాయి. జీ7ఎక్స్‌కు లేదు, రికోకు లేదు. ఆర్‌ఎక్స్100 మార్క్ సెవెన్‌కు పైకి లేచేది ఒకటి ఉంది, ధర కూడా అలాగే లేస్తుంది. మిర్రర్‌లెస్‌లో కూడా జెడ్30కి వ్యూఫైండర్ లేదు, ఆర్50కి ఉంది. మీరు ఎక్కువగా పగటిపూట బీచ్‌లో తీసేవాళ్లయితే ఈ ఒక్క విషయం దుకాణంలోనే తేల్చుకోండి. కెమెరా పట్టుకుని దుకాణం బయటకు, రోడ్డు మీది ఎండలోకి వచ్చి చూడండి. లోపలి ఏసీ వెలుతురులో అన్ని స్క్రీన్లూ బాగానే ఉంటాయి.

రెండోది ఇసుక. జూమ్ కాంపాక్ట్‌ను ఆన్ చేసిన ప్రతిసారీ లెన్స్ గొట్టం బయటికొస్తుంది, ఆఫ్ చేస్తే లోపలికెళ్తుంది. గాలి బాగా వీచే రోజున ఆ గొట్టం చుట్టూ ఉన్న సన్నని సందులో ఒక్క ఇసుక రేణువు పడినా చాలు, మధ్యలో బిగుసుకుపోతుంది. విప్పి బాగుచేయించడానికి పెట్టే ఖర్చు ఒక్కోసారి కెమెరా విలువలో మూడో వంతు దాకా పోతుంది. మిర్రర్‌లెస్‌లో లెన్స్ పాడైతే లెన్స్ ఒక్కటే మారుస్తాం. కానీ దానికీ ఇక్కడ గండం ఉంది. బీచ్‌లో నుంచుని లెన్స్ మార్చారంటే ఉప్పు తుంపర నేరుగా సెన్సర్ మీద పడుతుంది. లెన్స్ మార్చాలంటే కారెక్కి తలుపు వేసుకోండి, లేదా ఏదైనా గోడ చాటుకు వెళ్లి కెమెరా మూతిని కిందికి వంచి మార్చండి. ఇంటికొచ్చాక కాస్త తడిపి గట్టిగా పిండిన మెత్తని గుడ్డతో బాడీ తుడవండి. ఉప్పును పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి.

మూడోది ఫంగస్. ఇది కాంపాక్ట్‌నూ వదలదు, మిర్రర్‌లెస్‌నూ వదలదు. మన గాలిలో తేమ ఏడాదిలో చాలా నెలలు డెబ్బై శాతం పైనే. బ్యాగులో మూసిపెట్టిన లెన్స్ గాజు మీద రెండు వానాకాలాల్లో సన్నని సాలెగూడు అల్లుకుంటుంది. మొదట్లో పైకి కనిపించదు. లెన్స్‌కు వెనక నుంచి టార్చి వేసి చూస్తే దారాలు దారాలుగా కనపడుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు, ఇవి చాలు. మీటరు నలభై యాభై మధ్య ఉండాలి. నీలం రంగు గింజలు గులాబీ రంగుకు తిరిగాయంటే తేమ నిండిపోయినట్టు. వేడి చేస్తే మళ్లీ నీలం అవుతాయి. డెబ్బై వేల కెమెరా కొనేవాళ్లు ఈ డబ్బాకు వెయ్యి రూపాయలు పెట్టడానికి వెనకాడటం నాకు అస్సలు మింగుడు పడదు. ఏసీ గదిలోంచి నేరుగా బీచ్‌కు తీసుకెళ్తే లెన్స్ మీద మంచు పట్టేస్తుంది. ఆ సమయంలో తుడవకండి. బ్యాగులోనే ఉంచి బయటి వేడికి అలవాటు కానివ్వండి, దానంతటదే పోతుంది.

ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు ఇంకొకటి చెప్పి తీరాలి. ఇది నౌకాదళం ఊరు. డాక్‌యార్డు, నేవీ స్థావరాలు, విమానాశ్రయం, పోర్టు లోపలి బెర్తులు, స్టీల్ ప్లాంటు లోపలి భాగం, వీటిలో చాలాచోట్ల అనుమతి లేకుండా ఫొటో తీయడం నేరం. చిన్న కెమెరా అయితే ఎవరూ పట్టించుకోరని కొందరు కుర్రాళ్లు అనుకుంటారు. చట్టానికి కెమెరా సైజుతో పని లేదు. బోర్డు ఉన్నచోట జేబులోంచి బయటికి తీయకండి. పోర్టు అందం చూపించాలంటే కైలాసగిరి మీద నుంచి, బీచ్ రోడ్డు నుంచి లంగరేసిన ఓడలు చక్కగా కనపడతాయి.

కాబట్టి నా తీర్పు ఇది. రెండో లెన్స్‌కు డబ్బు ఇప్పుడే పక్కన పెట్టగలిగితే, దాన్ని మార్చి వాడే ఓపిక ఉంటే మిర్రర్‌లెస్ కొనండి. ఫొటోగ్రఫీ బతుకుదెరువు అవుతుందనుకునే పిల్లలకు, పక్షుల వెంట తిరిగేవాళ్లకు అదే సరైనది. కొన్న లెన్స్‌తోనే ఆగిపోతామనుకునేవాళ్లు ఒక అంగుళం కాంపాక్ట్ కొనుక్కోండి, స్పేర్ బ్యాటరీ తప్పకుండా తీసుకోండి. ఈ కెమెరాల బ్యాటరీ రెండు వందల చిల్లర ఫొటోలకే అయిపోతుంది. ఏది కొన్నా బిల్లు, కంపెనీ వారంటీ కార్డు రెండూ చూసుకోండి. కాంపాక్టులకు ఈ మధ్య మళ్లీ గిరాకీ పెరగడంతో వారంటీ లేని సరుకు చాలా తిరుగుతోంది.

కొత్త కెమెరాతో చేయి తిరగాలంటే తూర్పు తీరంలో వేట నిషేధం ఉండే రోజుల్లో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 లోపు, హార్బర్‌కు వెళ్లండి. మరబోట్లన్నీ ఒడ్డున ఆగి ఉంటాయి, వడ్రంగులు చెక్కలు మారుస్తుంటారు, రంగులు వేస్తుంటారు, వలలు అల్లుతుంటారు. వేలం తొక్కిసలాట ఉండదు కాబట్టి అడిగి, మాట్లాడి, తీరిగ్గా తీసుకోవచ్చు. తీసిన ఫొటోల్లో ఒకటి రెండు ప్రింటు వేయించి వాళ్లకు ఇచ్చి రండి.